పెంపకానికిచ్చిన బర్రె

బెంగుళూరు రోడ్డు మీద లారీలు ఇంకా దీపాలు ఆర్పని వేళకే సాతంరాయిలో భాగ్యమ్మ కొట్టంలో పాలు పిండే చప్పుడు మొదలయ్యేది. ఖాళీ బకెట్టులో పడే మొదటి ధార గట్టిగా మోగుతుంది. నిండుతున్నకొద్దీ ఆ మోత మెత్తబడి చివరికి నురుగులో కలిసిపోతుంది. మా వాడలో గడియారమున్న ఇళ్లు రెండో మూడో. మిగిలినవాళ్లం ఆ చప్పుడు మెత్తబడినప్పుడు లేచి ప్రార్థనకు కూర్చునేవాళ్లం. కళ్లు తెరిచేసరికి తెల్లవారి ఉండేది.

భాగ్యమ్మకు అప్పటికి యాభై ఏళ్లుంటాయి. బడి ముఖం చూడలేదు. పదమూడో ఏట కాపురానికి వచ్చిన నాటి నుంచి బర్రెల మధ్యనే బతికింది. ఏడు బర్రెలుండేవి. ఏది అలిగిందో, ఏది సరిగా పడుకోలేదో, దేనికి మేత రుచించలేదో చెవులు చూసి చెప్పేది. పాలు పిండేటప్పుడు మాట్లాడేది కాదు. పెదవులు మూసుకుని సన్నగా ఒక రాగం తీసేది. ఆ రాగానికి మాటలు లేవు. పొద్దెక్కాక బర్రెలు పడుకుని, కళ్లు అరమూసి నెమరు వేస్తుంటే, ఆ దారిన పోయే పిల్లలను పెదవి మీద వేలు పెట్టి ఆపేది.

"నెమరేసే బర్రె కలగంటది బిడ్డా. జర మెల్లగ పోండ్రి" అనేది.

పిల్లలు నమ్మి చెప్పులు చేతపట్టుకుని నడిచేవాళ్లు. పెద్దవాళ్లం నవ్వుకునేవాళ్లం. నవ్వుకుంటూనే మేమూ గొంతు తగ్గించేవాళ్లం.

ఆ ఇంట్లో చిలికిన ప్రతి పొద్దూ, ఎవరు చెంబు పట్టుకుని వచ్చినా మజ్జిగ పోసేవారు. ఊళ్లో కొన్ని ఇళ్లలో మా వాడవాళ్లకు మజ్జిగ పోయాలంటే చెంబు నేల మీద పెట్టమనేవారు. తగలకుండా పైనుంచి పోస్తే సగం మట్టిలో పడేది. భాగ్యమ్మ మా చెంబు తన చేతిలోకి తీసుకుని, కుండ అంచును చెంబు అంచుకు ఆనించి పోసేది. దాని గురించి ఆమె ఎన్నడూ ఒక్క మాట అనలేదు. మేమూ అనలేదు. ఇంటికి వచ్చి ఆ మజ్జిగ తాగేటప్పుడు మాత్రం ఆమె పేరు దేవుని దగ్గర చెప్పుకునేవాళ్లం.

అలా మజ్జిగకు వచ్చేవాళ్లలో యేసుమణి ఒకతె. తొంభై నాలుగు ఎండాకాలం నాటికి ఆమెకు ముప్పై నిండలేదు. ఇద్దరు చిన్న పిల్లలు. భర్త ప్రేమదాసు రావిర్యాల వైపు కంకర క్వారీలో రాళ్లు కొట్టేవాడు. ముందటి ఏడు బండ జారి అతని కుడి పాదం మీద పడింది. పట్నంలో దవాఖానలో మూడు నెలలుండి వచ్చాడు. పాదం మిగిలింది గాని నిలబడే సత్తువ పోయింది. యేసుమణి ఒక్కతే కూలికి పోయేది. వానలు పడని ఏడు మహేశ్వరం చేలల్లో కలుపే లేకపోతే కలుపు కూలి ఎక్కడిది? భాగ్యమ్మ పోసిన మజ్జిగలో గుప్పెడు జొన్నరవ్వ కలిపి కాస్తే అదే ఆ నలుగురికీ పగటి తిండి. అయినా ఆదివారం మా ప్రార్థన గుడికి వచ్చినప్పుడు ఆ పిల్లల తలలు నూనె రాసి, పాయ తీసి, నున్నగా దువ్వి ఉండేవి. ఆ నూనె ఎక్కడి నుంచి తెచ్చేదో ఆమెకే తెలియాలి.

ఒక పొద్దు మజ్జిగ ఇంకా చిలకడం కాలేదు. యేసుమణి కొట్టం మూలకు ఆనుకుని నిలబడింది. ఆ మూలన మూడేళ్ల పడుచు బర్రె ఒకటి ఉంది. ఇంకా ఈననిది. వానకు ముందటి ఆకాశం రంగులో ఉంటుందని దానికి మబ్బు అని పేరు పెట్టారు. ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. భాగ్యమ్మ భర్త కుర్మయ్యనే రెండుసార్లు గోడకు అదిమింది. యేసుమణి అదేమీ ఎరగదు. నిద్ర చాలని మనిషిలా, తనకు తెలియకుండానే చేయి చాచి దాని మెడ కింద గోకుతూ ఉండిపోయింది. మబ్బు మెడ సాచి, ఆమె భుజం మీద గదవ ఆనించి కళ్లు మూసుకుంది. ఆమె కూడా మూసుకుంది. ఇద్దరూ నిలబడి నిద్రపోతున్నట్టే ఉన్నారు.

భాగ్యమ్మ కవ్వం ఆపి చాలాసేపు చూసింది.

మర్నాడు యేసుమణి వచ్చినప్పుడు చెంబు నింపి చేతికిచ్చి, మబ్బును చూపించి, "దీన్ని మీ ఇంటికి తోల్కపో. సాదుకో" అంది.

యేసుమణికి అర్థం కాలేదు. ఏదో పనికి పిలుస్తోందనుకుంది. అప్పుడు భాగ్యమ్మ తమ ఇంటి ఆచారం చెప్పింది. పడుచు బర్రెను పెంపకానికి ఇస్తారు. పెంచినవాళ్ల ఇంట్లోనే అది ఈనుతుంది. పుట్టిన దూడ ఇచ్చినవాళ్లది, బర్రె పెంచినవాళ్లది. భాగ్యమ్మ అత్త కూడా అలాగే ఇద్దరికి ఇచ్చిందట.

కుర్మయ్య అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. మంచివాడే గాని ముందు కాదనడం, ఆ తర్వాతే సరేననడం అతని అలవాటు.

"మేత ఏడికెళ్లి తెస్తరు? ఆయిన నడువలేడు. ఈమె పొద్దంత కూలికి పాయె. రెండు నెలలల్ల బొక్కలు తేలుతయి."

"నడువలేనోడు దగ్గర కూసుంటడు గద" అంది భాగ్యమ్మ. "బర్రెకు గావల్సింది దగ్గర కూసునే మనిషే. నువ్వెన్నడన్న కూసున్నవా?"

కుర్మయ్య కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత తన షరతు చెప్పాడు. "సరే ఇను బిడ్డా. ఈనినంక దూడ గడ్డి మేసేదాక బతకాలె. మేసిననాడు బర్రె మీది. తల్లి వట్టిపోయేదాక దూడ మీ కాన్నే ఉంటది. గని దూడ సచ్చిందా, బర్రెను మా కొట్టానికి తోల్కొస్త. అప్పుడు ఏడ్సుడు గీడ్సుడు ఉండద్దు."

అది అతను తనకు తానుగా పెట్టిన కఠినమైన షరతు కాదు. దూడ పోతే చాలా బర్రెలు పాలు చేపవు. పొదుగు బిగబట్టుకుని తన్నుతాయి. అలాంటి బర్రెను దారికి తేవడం కొత్తవాళ్లవల్ల కాదు. యేసుమణి తల ఊపింది. ఆ పూట మబ్బు ఆమె వెంట, ఎవరూ తోలకుండానే, మా వాడలోకి నడిచి వచ్చింది.

ఆ తర్వాతి ఏడాదిన్నర తలచుకుంటే నాకు కాలం గడిచినట్టు కాక ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా తోస్తుంది. ప్రేమదాసు క్వారీ రాళ్లతోనే ఇంటి పక్కన చిన్న కొట్టం కట్టాడు. కూర్చునే పేర్చాడు. గోడ అతను కూర్చుని చేయి ఎత్తితే ఎంత ఎత్తో అంతే వచ్చింది. పైన తాటాకు కప్పారు. యేసుమణి కూలి నుంచి వస్తూ గట్ల మీది గడ్డి కోసుకుని మోపు తెచ్చేది. వాడలో వాళ్లం బియ్యం కడిగిన నీళ్లు పారబోయడం మానేశాం. ఎవరు మొదలుపెట్టారో గాని, ప్రతి ఇంటి ముందూ ఒక కుండ ఉండేది. సాయంత్రానికి అవన్నీ మబ్బు కుడితిలో చేరేవి. భాగ్యమ్మ రెండు మూడు రోజులకొకసారి వచ్చి చూసేది. కోపంగా ఉన్నప్పుడు కొట్టంలో అడుగు పెట్టొద్దని, దాని కంటికి ఎదురుగా చీపురు ఎత్తొద్దని, ఒళ్లు కడిగేటప్పుడు వీపు నుంచి కాక కాళ్ల నుంచి మొదలుపెట్టాలని చెప్పేది. వచ్చినప్పుడల్లా యేసుమణి ఇంట్లో మంచినీళ్లడిగి తాగేది.

ఎండ తగ్గాక ప్రేమదాసు కర్ర ఊతంగా మబ్బును కుంటకు తీసుకుపోయేవాడు. అది నీళ్లలో దిగి ముక్కు మాత్రం పైకి పెట్టి పడుకుంటే, అతను ఒడ్డున నీళ్లలోనే ఒక రాయి మీద కూర్చుని, దెబ్బతిన్న పాదం నీళ్లలో వదిలి, చిన్న ముంతతో దాని వీపు మీద నీళ్లు పోస్తూ ఉండేవాడు. ఇప్పుడు ఆ దిక్కున పెద్ద గోడ, లోపల విమానాలు దిగే నేల. అప్పుడు విమానాలు చాలా ఎత్తున బేగంపేట వైపు పోయేవి. చప్పుడు వినబడేసరికి అవి దాటిపోయేవి. జొన్నచేను మీదుగా గాలి వచ్చి నీళ్ల మీద గీతలు గీసి పోయేది. పోసిన చోటే మళ్లీ పోస్తూ అతను ఏం తలచేవాడో తెలియదు. ఇంటికి వచ్చేసరికి ముఖం మాత్రం తేటగా ఉండేది. క్వారీలో దెబ్బ తగిలిన రోజు నుంచి అతను నిద్రలో కేకలు వేసేవాడు. ఆ కేకలు ఎప్పుడు ఆగాయో చెప్పమంటే చెప్పలేనని, ఒకరోజు గుర్తొచ్చి చూసుకుంటే లేవని యేసుమణి అంది.

చలికాలంలో మబ్బును ఊళ్లో ముత్తయ్య పెంచే దున్నపోతు దగ్గరికి తీసుకుపోయారు. మబ్బు చూడి కట్టింది. మళ్లీ వానలు వచ్చేనాటికి దాని నడుము వెడల్పయి నడక నెమ్మదించింది.

మా గుడి అంటే రేకులు కప్పిన ఒక గది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రథమ ఫలాలు తెచ్చేవాళ్లం. ఒకరు సొరకాయ, ఒకరు రెండు గుడ్లు, ఒకరు సోలెడు కందులు తెచ్చి ముందు పరచిన గుడ్డ మీద పెట్టేవారు. యేసుమణి ఎన్నడూ ముందుకు రాలేదు. వెనక గోడకు ఆనుకుని, ఖాళీ చేతులు కొంగు కింద పెట్టుకుని కూర్చునేది. మబ్బు చూడి కట్టిన ఏడు ఆమె మనసులో ఒక మొక్కుబడి చేసుకుంది. మొదటి మూడు పూటల పాలూ దేవునికే. అది కూడా ఎవరి నోరూ తగలనివి.

ఎంగిలి కానివి అనడం ఆమెకు చిన్న విషయం కాదు. పుట్టినప్పటి నుంచి ఆమె చేతికి వచ్చినవన్నీ ఎవరో వాడి విడిచినవే. కట్టిన చీర ఎవరో కట్టి విడిచింది. పిల్లల పలకలు ఎవరి పిల్లలో రాసి విడిచినవి. పెళ్లి విందు అన్నం కూడా అందరూ లేచాక గంపలో వచ్చింది. తనకు అలా వచ్చినా బాధ లేదు. దేవునికి మాత్రం మొదటిది, ముట్టనిది ఇవ్వాలని ఆమె ఆశ. ఆ ఆశలో తప్పు ఎక్కడుందో మాలో ఎవరికీ తట్టలేదు. అసలు ఆమె ఎవరికీ చెప్పలేదు.

నవంబరు మొదటి శనివారం తెల్లవారుతుండగా మబ్బు ఈనింది. భాగ్యమ్మ ఊళ్లో లేదు. ఇంకో వారం పడుతుందనుకుని మహేశ్వరంలో కూతురి పురుటికి పోయింది. కుర్మయ్య వచ్చి చూశాడు. ఆడదూడ. తడి ఆరని చెవులతో, వణికే కాళ్ల మీద నిలబడింది. అతను సంతోషంగా మీసం దువ్వుకుని, మాయ పడేదాకా ఉండి, తన బర్రెల దగ్గరికి పోయాడు. దూడను తల్లికి విడవమని చెప్పలేదు. అది ఒకరు చెప్పాల్సిన మాటని ఎవరనుకుంటారు?

యేసుమణి దూడను తల్లి ముఖం దగ్గర కట్టి నాకనిచ్చింది. పొదుగు దగ్గరికి మాత్రం రానివ్వలేదు. చన్నులు కడిగి, కూలి డబ్బులు దాచి కొన్న కొత్త స్టీలు క్యాను పెట్టి, పసుపుపచ్చని చిక్కటి ముర్రుపాలు పిండింది. ప్రేమదాసు దూడ మూతి చప్పరించడం చూస్తూ, జర తల్లికి ఇడువు అన్నాడు. మూడు పూటలే, మొక్కుకున్న, ఎంగిలైతే దేవునికెట్లిస్త అని ఆమె అంది. దూడకు గంజిలో బెల్లం కలిపి వేలితో నాకించింది. సాయంత్రమూ అలాగే. ఆదివారం తెల్లవారి మూడో పూట మబ్బు కాళ్లు కదిపింది. పాలు తగ్గాయి. అయినా క్యాను సగానికి వచ్చింది.

ఆ ఆదివారం మా గుడి జున్ను వాసనతో నిండిపోయింది. శనివారం పాలన్నీ బెల్లం, యాలకులు వేసి ఆవిరి మీద వండి తెచ్చింది. ఆదివారం పచ్చిపాల క్యాను పాస్టరమ్మకు ఇచ్చింది. యేసుమణి మొదటిసారి వెనక గోడ విడిచి ముందుకు నడిచింది. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకున్న తీరు, గుడ్డ మీద గిన్నె పెట్టి ఒక్క క్షణం దాన్నే చూస్తూ ఉండిపోవడం నాకిప్పటికీ కనబడుతుంది. పాస్టరు అయ్యగారు దశరథం గారు కళ్లు తుడుచుకుని ప్రార్థన చేశారు. క్రీస్తును నమ్మినా తల్లి పెట్టిన పేరు మార్చుకోని మనిషి ఆయన. తర్వాత ఆకుల్లో అందరికీ ముక్కలు పంచారు. నేనూ తిన్నాను. అంత తియ్యటి జున్ను మళ్లీ తినలేదు. అది ఎవరి నోటి దగ్గరి నుంచి వచ్చిందో తెలియక తిన్న తీపి.

ఇంటికి పోయేసరికి దూడ పక్కకు ఒరిగి పడి ఉంది. చెవులు చల్లబడ్డాయి. కళ్లు తెరిచే ఉన్నాయి గాని ఎటూ చూడడం లేదు. తోక కింద పలచగా తెల్లటి పారుడు. యేసుమణి కంగారుగా పాలు పిండబోతే మబ్బు తన్నింది. పొదుగు నిండుగా బిగిసి ఉంది, ఒక్క చుక్క విడవలేదు.

మూడు గంటల బస్సుకు భాగ్యమ్మ దిగింది. ఈనిందని బస్సులోనే ఎవరో చెప్పారట. చేతి సంచి కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా వచ్చింది. దూడ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని నోట్లో వేలు పెట్టి చూసింది.

"ముర్రుపాలు ఎంత తాగింది?"

యేసుమణి చెప్పింది. మొక్కు చెప్పింది. ఎంగిలి సంగతి చెప్పింది. మేం నలుగురైదుగురం గోడ అవతల నిలబడ్డాం. భాగ్యమ్మ తిడుతుందనుకున్నాం. ఆమె తిట్టలేదు. దూడ చెవులను తన రెండు చేతుల మధ్య పెట్టి రుద్దుతూ, తనలో తను అనుకుంటున్నట్టు అంది:

"బర్రె పాలు దింపేదే దూడ మూతికి బిడ్డా. అది చీకినంక మిగిలిందే మనకు. మీ గుళ్లె తాగేది, మా గుళ్లె పోసేది, పటేలు చాయల పోసుకునేది, అంత దాని ఎంగిలే. లోకమంత దూడ ఎంగిలే తాగుతున్నది. గా ఎంగిలి దేవునికి తెల్వదా?"

యేసుమణి నేల మీద కూలబడింది.

"ముర్రుపాలు ఇంకేమన్న ఉన్నయా?" అని భాగ్యమ్మ అడిగింది.

పొద్దుటి క్యాను అయ్యగారింట్లో ఉంది. దేవునికిచ్చింది వెనక్కి ఎట్ల అడుగుత అని యేసుమణి తల అడ్డంగా ఊపింది. దూడ బతుకూ, బర్రె ఉండడమూ ఆ క్యాను మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. తెలిసీ లేవలేకపోయింది. భాగ్యమ్మ కొంగు దోపుకుని తనే లేచింది. నుదుట రూపాయంత బొట్టుతో ఆమె మా గుడి ముంగిట్లోకి రావడం అదే మొదలు. లోపలికి పోకుండా గడప బయట నిలబడి, అయ్యగారిని పిలిచి సంగతి చెప్పింది. అయ్యగారు అప్పుడే విస్తరి ముందు కూర్చున్నవాడు చేయి కడుక్కుని లేచాడని పాస్టరమ్మ తర్వాత చెప్పింది. తడి ఇసుకలో చల్లగా పెట్టిన క్యాను ఆయనే ఎత్తుకున్నాడు. భాగ్యమ్మ అందుకోబోతే ఇవ్వలేదు. ఎండలో చెప్పులు కూడా మరిచి, ఆ పెద్దమనిషి ముందు, భాగ్యమ్మ వెనక నడుస్తూ వాడంతా దాటి వచ్చారు.

క్యాను యేసుమణి ముందు పెట్టి ఆయన, "దేవుడు నీ పాలు తీసుకున్నడమ్మా. తీసుకొని ఈ పసిదానికి పంపిండు. నేను మోసుకచ్చిన, గంతే" అన్నాడు.

యేసుమణి అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే క్యాను మూత తీసింది.

గోరువెచ్చని నీళ్లలో క్యాను ఉంచి, భాగ్యమ్మ తన వేళ్లు పాలలో ముంచి దూడ నోట్లో పెట్టింది. మొదట అది చప్పరించలేదు. పాలు మూతి పక్కనుంచి కారిపోయాయి. ఆమె మళ్లీ ముంచింది. పెదవులు మూసుకుని ఆ మాటల్లేని రాగం తీస్తూ, మళ్లీ ముంచింది. ఎండ కొట్టం గోడ దిగి నేల మీదికి, నేల మీద నుంచి గడప మీదికి పాకింది. ఎంతసేపయిందో ఎవరికీ తెలియదు. ఒకసారి దూడ నాలుక ఆమె వేలు చుట్టూ మడత పడింది. అది చూసి ప్రేమదాసు గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

పొద్దు వాలేముందు దాన్ని లేపి నిలబెట్టారు. భాగ్యమ్మ ఉప్పు తెమ్మని, దూడ వీపు మీదా తోక మొదట్లోనూ చల్లి, తల్లి ముందుకు నెట్టింది. మబ్బు వాసన చూసింది. ఒకసారి నాకింది. ఉప్పు రుచికి మళ్లీ నాకింది. నాకుతూ నాకుతూ గొంతులో లోతుగా మూలిగింది. దూడ తడబడుతూ పోయి పొదుగు పొడిచింది. బిగిసిన చన్నులు మెల్లగా నిండి, ఒకదాని కొసన తెల్లటి చుక్క నిలిచింది. చేపింది.

మర్నాడు కుర్మయ్య వచ్చాడు. జరిగింది విని ఎర్రబడ్డాడు. దూడ ఉండదని, ముర్రు పడని దూడ నెల దాటదని, ఇప్పుడే బర్రెను తోలుకుపోతే కనీసం అదన్నా దక్కుతుందని అన్నాడు.

"దానికి ఊపిరున్నంతసేపు మాట మాటే" అంది భాగ్యమ్మ. "గడ్డి మేసేదాకన్నది నువ్వే."

"ఊరంత జున్ను తిన్నది, నాకు చెంచెడు రాలె" అని అతను గొణిగాడు. కోపం సగం ఆ జున్ను కోసమేనని అప్పుడు తెలిసి, యేసుమణి తల వంచుకుంది. ప్రేమదాసు నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

నవంబరంతా ఆ దూడ బతుకుతుందో లేదో తేలలేదు. రెండు రోజులు బాగుంటే మూడో రోజు పారేది. యేసుమణి పొద్దున్నే దాన్ని మొదట విడిచేది. కడుపు నిండిందని అదే పక్కకు తిరిగేదాకా బకెట్టు ముట్టేది కాదు. మిగిలినవి పాల కేంద్రానికి తీసుకుపోయేది. ఆ పాలు కొద్దివే. అయినా వాటితో ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది, పిల్లలు పొద్దున్నే చాయ తాగి బడికి పోయారు. చేతికి వచ్చిన దాన్ని నమ్మడానికే ఆమె భయపడేది. బకెట్టు నెత్తిన పెట్టుకుని మంచులో నడుస్తుంటే, కలలో నడిచినట్టే ఉంది, ఎవరన్న లేపుతరేమో అని నాతో అంది. కుర్మయ్య రోజూ ఏదో పని మీద అటు వచ్చేవాడు. అగ్గిపెట్టె అడగడానికో, కొడవలి ఇవ్వడానికో. వచ్చి దూడ ముఖం చూసి పోయేవాడు. ఒకరోజు గొంగడి దానిమీద కప్పి మరిచిపోయినట్టు వెళ్లిపోయాడు. వారమైనా అడగలేదు.

డిసెంబరు సగానికి దూడ వెంట్రుకలకు మెరుపు వచ్చింది. అప్పటికీ గడ్డి ముట్టలేదు. పెట్టిన పోచ వాసన చూసి తల తిప్పుకునేది.

క్రిస్మస్‌కు నాలుగు రోజులు ఉన్నాయనగా ఒక మధ్యాహ్నం కుర్మయ్య గుప్పెడు లేత గరిక కోసుకుని వచ్చి దూడ ముందు గొంతుకూర్చున్నాడు. ఇవ్వాళ తేల్చుకునే పోతానన్నాడు. భాగ్యమ్మ కూడా వచ్చింది. యేసుమణి గుమ్మంలో నిలబడింది. ఆమె పెదవులు కదులుతున్నాయి గాని మాట వినబడడం లేదు. కుర్మయ్య అరచేతిలో గడ్డి పట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. దూడ వచ్చింది, చూసింది, పోయింది. మళ్లీ వచ్చింది. పల్చటి చలి ఎండలో దుమ్ము తేలుతోంది. నొప్పి పుట్టినా అతను చేయి దించలేదు. వాడలో ఒక్కొక్కరుగా వచ్చి గోడ పక్కన చేరాం. చివరికి దూడ మెడ సాచి ఒక పోచను పెదవులతో పట్టుకుంది. బయటికి సగం వేలాడుతుండగానే కాసేపు అలాగే ఉండి, తర్వాత నమలసాగింది. పోచ కొంచెం కొంచెంగా లోపలికి పోయింది.

"మేసింది" అన్నాడు కుర్మయ్య. "నా చేతులనే మేసింది."

అతను లేచి మబ్బు దగ్గరికి పోయాడు. మా దిక్కున బర్రె ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారితే పాత పలుపు దాని వెంట పోదు. ఇచ్చినవాళ్లు విప్పి తీసుకుంటారు, పొందినవాళ్లు తమది కడతారు. ఏడాదిన్నరగా మబ్బు మెడలో కుర్మయ్య పలుపే ఉంది. అతను ముడి విప్పి, దాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. ప్రేమదాసు తను పేనిన కొత్త పలుపు లోపలి నుంచి తెచ్చి యేసుమణికి ఇచ్చాడు. ఆమె అందుకుంది గాని వెంటనే కట్టలేదు.

మబ్బు ఆ కాసేపు ఏ పలుపూ లేకుండా నిలబడింది. కొట్టానికి మూడు వైపులే గోడ. ఎటు కావాలంటే అటు పోవచ్చు. పోలేదు. తల వంచి యేసుమణి చేతిలోని పలుపు వాసన చూసి, అక్కడే ఆమె ముందు మెడ చాచింది.

"కట్టు బిడ్డా" అంది భాగ్యమ్మ. "పాలు పిండే యాళ్లయితున్నది."